రెండు నీడల అసర్

ఆ ఏడు రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చింది. పోలీసు యాక్షన్ అయి నాలుగైదేండ్లు గడిచినట్టున్నాయి. బెల్లంపల్లిలో అంతకు కొన్నేండ్ల ముందే ఒక బాయి తవ్వి, దాని పక్కన కూలీలకు వరసగా రేకుల ఇండ్లు కట్టారు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఆ ఎండాకాలం మొదలైనప్పుడు మాకూ పక్కింటి మావాళ్ళకూ ఒకటే వాకిలి. వానలు పడే నాటికి అది రెండయింది, తర్వాత మేమే ఆ ఇండ్ల లైను వదిలి వెళ్ళిపోయాం. దేనికి అని ఎవరైనా అడిగితే నీడ కోసం అని చెప్పాల్సి వస్తుంది. చెప్పినా ఎవరూ నమ్మరు, అందుకే చెప్పడం మానేశాను.

మేం దూదేకులోళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నమాజు మాత్రం అరబీలో. మా మామ నన్నెసాబు ఊళ్ళో ఉన్నన్నాళ్ళు దూది ఏకాడు. కొడుకు బాయిలో చేరాక మాతోపాటే వచ్చి, లైన్ల చివర ఉన్న చిన్న మసీదులో అజాన్ ఇచ్చి నమాజు చదివించే పని మీద వేసుకున్నాడు. మసీదు గోడకు గడియారం ఉంది కానీ ఆయన దాన్ని నమ్మేవాడు కాదు. మసీదు వాకిట్లో మూరెడు కట్టె ఒకటి నిలువుగా పాతి, దాని నీడ చూసి పిలిచేవాడు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ లెక్క నాకు ఆయనే చెప్పాడు. తెల్లారగట్ల తూర్పున అడ్డంగా తెల్లని చార పరుచుకుంటే ఫజర్. పొద్దు నడినెత్తి దాటి అటు వాలితే జొహర్. పొద్దు మునిగితే మగ్రిబ్. పడమటి వెలుగు పూర్తిగా ఆరిపోతే ఇషా. మా దగ్గర బొగ్గు కుప్పలు కాలుస్తుంటారు గనుక ఆ మంటల ఎరుపేదో ఆకాశం ఎరుపేదో తెలియక మామ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గొణుక్కునేవాడు. అన్నిటికంటే చిక్కు అసర్‌తోనే. అది సాయంత్రం నమాజు. కట్టె నీడ కట్టె అంత కాగానే అసర్ వేళ అయిందని కొందరు, కట్టెకు రెండింతలు కావాలని కొందరు. మధ్యాహ్నం ఏమైనా నీడ మిగిలి ఉంటే దాన్నీ కలుపుకోవాలి. ఆ రంజాన్ మొదట్లో మాత్రం మిట్టమధ్యాహ్నం నీడ అనేదే ఉండేది కాదు. పొద్దు సరిగ్గా నెత్తిమీదికి వచ్చి, కట్టె నీడ కట్టె కిందికే దూరిపోయేది. కాబట్టి లెక్క తేలిక, ఒక కట్టె అంతనా, రెండు కట్టెలంతనా అన్నదే తేలాలి. మేం హనఫీ దారివాళ్ళం, మా మామకు రెండు.

పక్కింట్లో ఉండే సాలెం ఫూఫాకు ఒకటి. మా ఆయన మేనత్త చాంద్‌బీని చేసుకున్న మనిషి ఆయన. మేం ఆమెను ఫుప్పు అనీ, ఆయనను ఫూఫా అనీ పిలిచేవాళ్ళం. ఫూఫా చావుష్. వాళ్ళ తాతలు నిజాం ఫౌజులో పనికని అరబ్బు దేశం నుంచి వచ్చారట. వాళ్ళది షాఫయీ దారి, నమాజు లెక్కల్లో మాకు కొంచెం వేరు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నడుముకు వెడల్పాటి పటకా కట్టుకుని ఉండే ఆ మనిషి బాయి గేటు దగ్గర కాపలా ఉండేవాడు. తన అసర్ గేటు దగ్గరో ఇంట్లోనో ముందే చదువుకుని, మిగతా నాలుగూ మసీదుకు వచ్చి మా మామ వెనక చదివేవాడు. దాని మీద ఏనాడూ మాట పెరగలేదు. మాకు ఆడవాళ్ళకైతే అది కలిసొచ్చింది కూడా. ఫుప్పు ముందు చదువుకుని పొయ్యి దగ్గరికి వచ్చేది, ఆమె కూర కలుపుతుంటే నేను పోయి చదువుకునేదాన్ని. పొయ్యి ఒకటే, వాకిలి ఒకటే.

రంజాన్ మొదలైన వారంలోనే మా ఆయనకు నాలుగింటి డ్యూటీ పడింది. ఆయన పేరు యాకూబు. లోపల బొగ్గు తట్టలతో పట్టాల మీద నడిచే డబ్బాల్లోకి ఎత్తే పని. నాలుగింటికి దిగితే మళ్ళీ పైకి వచ్చేది అర్ధరాత్రికే. ఆ డ్యూటీలో మావాళ్ళు పదిమంది దాకా ఉండేవారు. పొద్దు మునిగినప్పుడు పైనుంచి గంట కొడితే లోపల ఇంత నీళ్ళు తాగి ఉపవాసం విడవడానికి అంతకుముందే ఒప్పుదల ఉంది. అసర్‌కే ఏ దారీ లేదు. నాలుగింటికి వాళ్ళు దిగేటప్పటికి మా మామ లెక్కన వేళ కాదు, వేళ అయ్యేసరికి వాళ్ళు భూమి లోపల ఉంటారు.

యూనియన్ మనిషి సారయ్యను వెంటబెట్టుకుని మా ఆయనా ఇంకో ఇద్దరూ పోయి ఆఫీసరును అడిగారు. ఒక్క నెల, నమాజు చదువుకునేంత సేపు పని ఆపనియ్యమన్నారు. ఆ ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మంచిగానే విన్నాడట, ఏ టైముకు కావాలో చెప్పమన్నాడట. ఆ నెలలో అది రోజుకు కొంచెం కొంచెం జరుగుతుందని మా ఆయన చెప్పబోతే, ఒక్క టైము చెప్పండి రాసిపెడతానని మళ్ళీ అదే అడిగాడట. ఆలోచించి చెప్తానని పంపించాడు. మా ఆయన ఆ రోజు ఇంటికి నవ్వుతూ వచ్చాడు. పనయినట్టే అన్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసరు ఇంటికి పోతూ గేటు దగ్గర ఆగాడు. ఎదురుగా తెలిసిన ముసల్మాను ఒకడు కనిపించాడు కదా, సాయంత్రం నమాజు ఎప్పుడు అవుతుందని ఫూఫాను అడిగాడు. మనిషి నీడ మనిషంత కాగానే అవుతుందని ఫూఫా ఉన్నమాట చెప్పాడు. ఆ లెక్కన అది నాలుగింటికంటే చాలా ముందే. మర్నాడు సారయ్యను పిలిపించి, మీ గేటు మనిషే చెప్పాడు, పైనే చదువుకుని దిగండి, పని ఆపే అవసరమే లేదని ఆఫీసరు తేల్చేశాడు. ఆ మీద ఎంత చెప్పినా, మీలో మీకే కుదరని సంగతి నా దగ్గరికి తేవద్దన్నాడట.

ఈ మాట ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మామ వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. ఫూఫా గేటు నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

“మాది వేరే, వాళ్ళది వేరే అని ఒక్క మాట అంటే నీ నోరు పోతుండెనా సాలెం?” అన్నాడు మామ.

“అడిగింది నన్ను. నా నమాజు ఎప్పుడో నేను చెప్పిన. నీ నమాజు సంగతి నేనెట్ల చెప్త?”

“నాలుగింటి డ్యూటీ పిల్లలు పరేషాన్ అయితరని నీకు ఎర్క లేదా?”

“పరేషాన్ ఎందుకు? పైననే చదువుకొని దిగమను. నేను చదువుతలేనా?”

“వక్తు కాకముందు చదివితే అది నమాజే కాదు.”

ఫూఫా రెండో చెప్పు విడవకుండా అట్లాగే నిలబడ్డాడు. “అంటే నేను పుట్టినప్పటిసంది చదివింది నమాజు కాదంటవా, బావా?” అని మెల్లగా అడిగాడు.

ఫుప్పు పొయ్యి దగ్గర నుంచి లేచింది. నేను మామ మొహం చూశాను. కాదు, నా మాట అది కాదు, అని ఆయన అంటే అక్కడితో అయిపోయేది. అనలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. ఫూఫా ఆ ఒక్క చెప్పుతోనే ఇంట్లోకి పోయాడు. ఆ రోజు నుంచి మగ్రిబ్‌కు కూడా మసీదుకు రాలేదు. రెండు రోజుల తర్వాత వాకిలి మధ్యన వెదురు తడిక వచ్చింది. దాన్ని ఆయనే కట్టాడు, ఎండలో, ఉపవాసం ఉండి, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా. పొయ్యి మా వైపు పడింది. ఫుప్పు తన వైపు మూడు రాళ్ళు పెట్టుకుంది. తడిక మీదుగా గిన్నె అందించబోతే, ఇప్పుడొద్దు బిడ్డా, ఆయన చూస్తుండు అంది.

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆఫీసరు మీద తెచ్చుకుందామంటే ఆయన ఎక్కడో బంగళాలో ఉన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళేమో ఎదురుగా ఉన్నారు, ఇద్దరి మాటా వాళ్ళ వాళ్ళ లెక్కన నిజమే. నడుమ నలిగేది మా ఆయన. డ్యూటీకి పోయేటప్పుడు ఒకరోజు నాతో అన్నాడు, “పైన ఒక నీడనో రెండు నీడలో అని కొట్లాడుతుండ్రు. నేను పోయేకాడ నీడనే లేదు.”

ఆయన కొన్నాళ్ళు అసర్‌ను వదిలేసి, ఇంటికి వచ్చాక బదులు చదివాడు. మామ అది చూసి, కావాలని వదిలితే బదులు చదివినా పాపం పోదని తనలో తాను అనుకున్నట్టుగా ఇంటిల్లిపాదికీ వినపడేలా అన్నాడు. ఆ మాట మా ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. ఆ తర్వాత ఒకరోజు బాయి లోపల సర్దారును టైము అడిగి, వేళ అయిందని తెలుసుకుని, దీపం పక్కన పెట్టి, గోనెపట్టా పరుచుకుని నమాజుకు నిలబడ్డాడు. సర్దారంటే లోపల పని చేయించే మనిషి, పేరు గట్టయ్య. అదే సమయానికి ఖాళీ డబ్బాలు వచ్చాయి. అందుకునేవాడు లేక ఒకదానికొకటి తగిలి రెండు డబ్బాలు పట్టాలు దిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ పూటంతా అక్కడ పని నిలిచింది.

గట్టయ్య స్వయంగా మా ఇంటికి వచ్చి చెప్పాడు. తను కప్పిపుచ్చుదామనే చూశాడట, పైవాళ్ళకు తెలిసిపోయింది. “పండుగ దాకా డ్యూటీ బంద్ పెట్టిండ్రు యాకూబును. నేనేం జేయలేకపోయిన చెల్లె,” అన్నాడు. మామ గడప మీదే ఉన్నాడు. నమాజు పూర్తయిందా, నడుమనే తెంపిండా అని గట్టయ్యను అడిగాడు. గట్టయ్య నా వైపు చూశాడు.

రోహిణి ఎండల్లో ఆ రేకుల ఇంట్లో పని లేకుండా కూర్చున్న మనిషిని చూడడం కంటే నరకం లేదు. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చునేవాడు, లేచేవాడు, కుండ దగ్గరికి పోయి ఉపవాసం సంగతి గుర్తుకొచ్చి వెనక్కి వచ్చేవాడు. తండ్రీ కొడుకులకు మాటలు తగ్గాయి. ఒకరోజు మధ్యాహ్నం దాటాక గాలిదుమారం లేచింది. బొగ్గుపొడి, ఎర్రదుమ్ము కలిసి ఆకాశం మొత్తం మట్టిరంగుకు తిరిగింది. పొద్దు ఎక్కడుందో తెలియదు. నేను బట్టలు తీయడానికి బయటికి వస్తే, మామ మసీదు వాకిట్లో తలకు గుడ్డ చుట్టుకుని ఆ కట్టె చుట్టూ తిరుగుతూ కనిపించాడు. కట్టెకు నీడ లేదు. వంగి చూస్తాడు, లేస్తాడు, పడమటికి చూస్తాడు. చివరికి లోపలికి పోయి అజాన్ ఇచ్చాడు.

ఆయన ఇంటికి వచ్చాక మా ఆయన అడిగాడు. “నీడ లేదు కదా బాపు, ఎట్ల పిలిచినవ్?”

“అందాజుగ పిలిచిన. నిన్న ఏ యాళ్ళకైందో గది యాది పెట్టుకొని పిలిచిన. పొద్దు కనపడకపోతే అందాజు చేసుడు ఉన్నదే.”

“నీకైతే అందాజు నడుస్తది. నాకైతే నడువది.”

“నువ్వు జేసేది వేరే.”

“ఏం వేరే? నాకూ పొద్దు కనపడది. నా పనిల నాకు యాడాదంత దుమారమే.”

మామ కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మా ఆయన నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయో, దుమ్ము పడిందో నాకు తెలియలేదు.

రంజాన్ చివరి రోజుల్లో కరీంనగర్ నుంచి ఒక మౌల్వీ వచ్చాడు. ఏటా ఆ రోజుల్లో లైన్లకు వచ్చి మంచి చెడ్డా చెప్పి పోయేవాడు. ఆ సాయంత్రం ఉపవాసం విడిచేది మా ఇంట్లోనే. చాప మీద మామ, మౌల్వీ, మా ఆయన, సారయ్య కూడా ఉన్నారు. నేను తలుపు చాటున నిలబడి పళ్ళేలు అందిస్తున్నాను. మౌల్వీ మా ఆయన డ్యూటీ సంగతి అడిగాడు. సారయ్య జరిగింది చెప్పాడు. ఒక నీడ, రెండు నీడల తగాదా కూడా చెప్పాడు. మౌల్వీ తల ఊపుతూ విన్నాడు, పాపం అన్నాడు, సబర్ చేయమన్నాడు. సబర్ అంటే ఓర్చుకోవడం. ఆ మాట వినేసరికి నాకు ఇక ఆగలేదు. మగవాళ్ళ మధ్యన మాట్లాడకూడదని తెలిసి కూడా తలుపు వెనక నుంచే అడిగాను.

“ఓర్సుకొమ్మంటే ఓర్సుకుంటం మౌల్సాబ్. దారి ఉన్నదా లేదా గది చెప్పుండ్రి. నాలుగింటికి దిగే మనిషి పైన చదువుకొని పోతే అయితదా, కాదా?”

మౌల్వీ తప్పుపట్టలేదు. ఆలోచించకుండానే చెప్పాడు, అదే నన్ను విస్తుపోయేలా చేసింది. “ఎందుకు కాదమ్మా? రెండు నీడలు మన హనఫీ దారి పెట్టిన పెద్ద ఇమామ్ మాట. ఒక నీడ చాలని చెప్పింది ఆయన శిష్యులిద్దరు. వాళ్ళూ మన హనఫీలే. మామూలుగ రెండు నీడలకే చదవాలె. మజ్‌బూరీ ఉన్నోడు, వేరే దారి లేనోడు ఒక నీడ కాంగనే చదువుకోవచ్చు, అయితది.” తర్వాత మామ వైపు తిరిగి, “నన్నెసాబ్, గిది నీకు ఎర్క లేదా?” అని అడిగాడు.

మామ పళ్ళెంలో ఖర్జూరం గింజను వేలితో జరుపుతున్నాడు.

“ఎర్కే,” అన్నాడు.

మా ఆయన చేతిలో ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నీళ్ళు తాగాడు. లేచి చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు. మగ్రిబ్ నమాజుకు అందరూ నిలబడ్డప్పుడు ఆయన వరుసలో లేడు. పండుగ దాకా ఉపవాసాలు ఉన్నాడు, నమాజుకు మాత్రం మళ్ళీ నిలబడలేదు. నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తాడోనని నాకు భయం.

మామను మాత్రం అడిగాను. మౌల్వీ పోయిన మర్నాడు, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు.

“ముందుగాల్నే చెప్తే అయిపోతుండె కదా మామా?”

“ఇన్నేండ్లు నా ఎనుక నిలబడ్డోళ్ళకు రెండని చెప్పుకుంట వచ్చిన,” అన్నాడు. “సాలెంతోని మాట వచ్చిన దినం చెప్పాల్సి ఉండె. ఆ దినం నోరు రాలే. తర్వాత ఒక్కో దినం ఇంకింత బరువైంది బిడ్డా.”

ఆయన మీద జాలిపడాలని చూశాను. నాకు జాలి రాలేదు, కోపమే వచ్చింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట ఉంటే తడిక ఉండేది కాదు, డబ్బాలు పట్టాలు దిగేవి కావు.

పండుగ నాడు ఫుప్పు తడిక అవతలి నుంచి సేమియా గిన్నె ఇచ్చింది. ఇటు నుంచి నేనూ ఇచ్చాను. మగవాళ్ళు ఈద్‌గాలో దూరం దూరంగా నిలబడ్డారని విన్నాను.

పండుగ అయిన మూడోనాడు మా ఆయనను మళ్ళీ డ్యూటీకి రమ్మన్నారు. అదే నాలుగింటి డ్యూటీ. నేను గిన్నెలో అన్నం సర్దుతున్నాను. ఆయన గడప మీద కూర్చుని కాళ్ళకు పట్టీలు చుట్టుకుంటున్నాడు. అప్పుడు మసీదు నుంచి అజాన్ వినిపించింది. వాకిట్లో తడిక గుంజ నీడ ఇంకా గుంజంతే ఉంది. మామ గొంతే. లైను ఆడవాళ్ళు ఏమైందోనని గడపల్లోకి వచ్చారు. ముసలాయన పొరపడ్డాడని ఎవరో అన్నారు. తడిక అవతల దగ్గు వినిపించింది. సాలెం ఫూఫా బయటికి వచ్చాడు, పటకా సర్దుకుంటూ కాసేపు నిలబడ్డాడు, తర్వాత మసీదు వైపు నడిచాడు. డ్యూటీకి పోవాల్సిన మావాళ్ళు నలుగురైదుగురు దీపాలు చేతుల్లో పట్టుకునే లోపలికి పోయారు.

“నీ కోసమే పిలుస్తుండు,” అన్నాను నేను.

మా ఆయన రెండో పట్టీ చుట్టడం అయ్యేదాకా తలెత్తలేదు. “డ్యూటీకి టైమైతుంది,” అని గిన్నె అందుకున్నాడు. మసీదు ముందునుంచే దారి. దాని ముందునుంచే పోయాడు. నడక పెంచలేదు, తగ్గించలేదు, లోపలికి చూడలేదు.

కాసేపటికి డ్యూటీవాళ్ళు పరుగున బాయి వైపు పోయారు. మామ ఇంటికి వచ్చి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

“యాకూబు వరుసల ఉండెనా?” అని అడిగాడు. “ముందట నిలబడ్డ కదా, ఎనుక ఎవ్వలున్నరో చూడలే. నమాజు అయి సలాం చెప్పేసరికి పోరగాళ్ళు లేచి ఉరికిండ్రు. సాలెం వచ్చిండు, గది చూసిన.”

ఏదో ఒకటి చెప్పి పంపించేయొచ్చు. నాకు చేతకాలేదు.

“లేడు మామా. డ్యూటీకి పోయిండు.”

ఆయన వాకిట్లోకి చూస్తూ తల ఊపాడు. టోపీ అంచును వేళ్ళతో సాపు చేశాడు.

“టైము సాలలేదు కావచ్చు,” అన్నాడు. “రేపు ఇంకింత ముందుగాల పిలుస్త.”

ఒక నీడకంటే ముందు అసర్‌ను ఏ ఇమామూ ఒప్పుకోడు. ఆ లెక్క నాకు నేర్పింది ఆయనే. నేను చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చాను.